కుడి చెవిలో దేవుడు

భాద్రపద బహుళ విదియ
తలనొప్పి, పదికి: ఐదు. చప్పుడు: ఉంది. చూపు: వంగినప్పుడు తప్ప బాగానే ఉంది.
ఇతర వివరాలు:

ఈ తెర పలక ఆస్పత్రి వాళ్ళు ఇచ్చారు. పైన మూడు గడులు రోజూ నింపాలట. కింద 'ఇతర వివరాలు' అన్న చోట ఏమైనా చెప్పుకోవాలనిపిస్తే రాయవచ్చని నర్సు చెప్పింది. పై గడులు వేలెడంతే ఉన్నాయి. ఈ చోటు మాత్రం ఎంత రాస్తే అంత పెరుగుతోంది. నేను మాట్లాడితే ఎదుటివాళ్ళు "ఆఁ?" అంటూ చెవి దగ్గరికి తెస్తారు. నాకు రాయడమే సుఖం.

నా పేరు నూకరత్నం. వెన్నెలపాలెం నాలుగో సొరంగంలో ఆకుకూరల మడులు చూస్తాను. చందమామ మీద మొక్కలకు ఒళ్ళు తెలియదు. గోంగూర మనిషిని మించి ఎదుగుతుంది, బచ్చలి పైకప్పు పట్టుకుని వేలాడుతుంది. తోటకూర ఒక్కటే బుద్ధిగా నేలనంటుకుని ఉంటుంది కాబట్టి దాని కోసం వంగాలి. పోయిన నెల అలా వంగినప్పుడు ఎవరో వెనక నుంచి నల్లగుడ్డతో నా కళ్ళు మూసినట్టయింది. స్వామిని తలుచుకునేలోపు వెలుగు తిరిగి వచ్చింది. చూస్తే బుట్టలో తోటకూరకు బదులు కలుపు ఉంది, కోయాల్సిన తోటకూర నేల మీదే ఉంది.

అందుకే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టర్ రుక్సానా గారిది కడప వైపు. చిన్న వయసు, పెద్ద గొంతు. కళ్ళలో లైటు వేసి చూసి, మాత్రలు ఇచ్చి, "బరువు తగ్గాలమ్మా నువ్వు" అన్నారు.

"ఇక్కడ నేను పదకొండు కేజీలే కదమ్మా. ఇంకేం తగ్గను?" అన్నాను.

"ఆఁ?" అన్నారు. మళ్ళీ చెప్పాను. చాలాసేపు నవ్వారు. మాత్రలు మాత్రం మార్చలేదు.

చప్పుడు గడిలో 'ఉంది' అని రాశాను గానీ, దాన్ని చప్పుడు అనడం నాకు ఇష్టం లేదు. వినాయక చవితి పూజలో కళ్ళు మూసుకుని కూర్చుంటే కుడి చెవిలో మొదలైంది. హుష్... హుష్... అని, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక అల. సముద్రం ఎంత దూరమో ఇక్కడి నుంచి! పెళ్ళయిన దగ్గర్నుంచి రోజూ పూజ చేస్తున్నాను. ఎవరో విన్నారని నాకు తెలిసింది అదే మొదటిసారి.

భాద్రపద బహుళ దశమి
తలనొప్పి: ఐదు. చప్పుడు: ఉంది. చూపు: అంచులు మసక.
ఇతర వివరాలు:

ఇవాళ మా ఆయనకు చెప్పాను. పైడిరాజు గారు మంచు కరిగించే ప్లాంటులో మెకానిక్కు. నా కుడి చెవికి తన చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నారు.

"ఇనపడతందే!" అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. "ఎలా ఉంది?"

"అచ్చం మా మూడో పంపులాగుంది. వాల్వు పోయినపుడు ఇలాగే కొట్టుకునీది."

ఆ మాట నాకు నచ్చలేదు. పక్కింటి సన్యాసమ్మ అత్త అప్పుడే కరివేపాకు కోసం వచ్చింది. ఆవిడా చెవి ఆనించింది. అత్త మా భజన మండలిలో డోలక్ వాయిస్తుంది. ఒకసారి విని నాకు దణ్ణం పెట్టింది. కరివేపాకు మరిచిపోయి వెళ్ళిపోయింది. ఇక ఊరంతటికీ తెలుస్తుందని అప్పుడే అర్థమైంది.

ఆశ్వయుజ శుద్ధ తదియ
తలనొప్పి: ఆరు. చప్పుడు: ఉంది. చూపు: అంచులు మసక.
ఇతర వివరాలు:

మా మండలిని నడిపేది తాయారమ్మ గారు. పాలకొల్లు మనిషి. తాళాలు చేతపడితే ఎదురు మాట్లాడేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళుగా నేను వెనక వరుసలో కూర్చుని, పెదవులు కదిపి వచ్చేదాన్ని. నిన్న ఆవిడ నా చెవి దగ్గర తల పెట్టి చాలాసేపు విన్నారు. లేచాక ముఖం అదోలా ఉంది.

"అనాహత నాదమండీ! ఎవరూ మోగించకుండా మోగేదండీ!" అని అందరికీ చెప్పి, నన్ను ముందు పీట మీద కూర్చోబెట్టారు. బయటికి వెళ్ళేవాళ్ళు వేసుకునే సూటు తాలూకు మైకు బిళ్ళ ఒకటి ఎవరి దగ్గర్నుంచో తెచ్చి, నా చెవి వెనక అంటించారు. హాలు స్పీకర్లలో నా తల మోగింది.

నా మాట ఎవరికీ వినపడదు. నా తల మాట్లాడుతుంటే వందమంది ఊపిరి బిగబట్టారు. గర్వపడకూడదని లెంపలు వేసుకున్నాను. రెండోసారి కూడా వేసుకున్నాను.

ఇవాళ అమ్మవారి కీర్తన నా అలకు తాళంగా పాడాలని తాయారమ్మ గారి ఆజ్ఞ. నెమ్మది పాట. మొదటి చరణం బంగారంలా సాగింది. రెండో చరణంలో నాకు పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని గుర్తొచ్చింది.

ఇక్కడ పాలు పొంగితే గిన్నె అంచు దగ్గర ఆగవు, బూరలా పైకి లేస్తాయి. ఆ సంగతి తలుచుకోగానే గుండె దడదడలాడింది. స్పీకర్లో హుష్ హుష్ హుష్ అని జోరందుకుంది. పాట దాని వెనక పరిగెత్తింది. చప్పట్లు చరిచే ముసలమ్మల చేతులు ఒకదానికొకటి అందలేదు.

"ఓలమ్మా, నానేటి సేసీది! కాసేపాగు తల్లీ!" అని సన్యాసమ్మ అత్త డోలక్ మీద నుంచే మొత్తుకుంది.

"ఆపకండి! అమ్మవారు ఆవేశంలో ఉన్నారండీ!" అని తాయారమ్మ గారు కేక.

"పాలు..." అన్నాను నేను.

"పాలు అడుగుతున్నారు అమ్మవారు! పాలు తెండి!" అన్నారు.

ఎవరో గ్లాసుతో పాలు తెచ్చి నా చేత తాగించారు. ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన స్టూలెక్కి, గరిటెతో పైకప్పు గీకుతున్నారు. "కోవా అయిపోనాది. పంచదార ఏద్దామా?" అన్నారు.

ఆశ్వయుజ శుద్ధ ఏకాదశి
తలనొప్పి: ఆరు. చప్పుడు: కాసేపు ఆపారు. చూపు: తగ్గింది అన్నారు.
ఇతర వివరాలు:

డాక్టరమ్మా, ఇది మీరు చదువుతారని తెలుసు. ఇవాళ మీరు చేసింది నాకు నచ్చలేదు.

స్కాను తీశారు. స్టెతస్కోపు నా చెవి వెనక పెట్టి విన్నారు. "ఇదేందమ్మా, ఇంత గట్టిగా ఉంటే నాతో చెప్పకపోతివే!" అన్నారు. తర్వాత నా మెడ మీద కుడి పక్క మెల్లగా వేలు పెట్టి నొక్కారు.

దేవుడు ఆగిపోయాడు.

వేలు తీశారు. వచ్చాడు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ ఆగాడు. "చూడు, చూడు!" అని నర్సును కూడా పిలిచి నొక్కించారు.

"అలా చేయకండమ్మా" అన్నాను.

"నొప్పి పెడతాందా?"

"నొప్పి కాదు."

అప్పుడు నా చేయి పట్టుకుని కూర్చోబెట్టి చెప్పారు. మెదడులోంచి రక్తం కిందికి దిగే పెద్ద సిర నాకు కుడి చెవి వెనక సన్నబడిందట. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి తలకెక్కిన రక్తం దిగడానికి అసలే బద్ధకిస్తుంది, పైగా దారి ఇరుకు. వెనక పడ్డ ఒత్తిడంతా కంటి నరం మీద పడుతోందట. ఆ ఇరుకులోంచి రక్తం తోసుకుపోయే హోరే నేను వింటున్నదట.

"మాత్రలతో ఆగుతాదేమో అనుకుంటి. ఆగలేదు. తొడ దగ్గర సిరలోంచి సన్న గొట్టం పైకి పంపించి, ఆ ఇరుకు కాడ స్టెంటు పెడతాం. చిన్న జాలీ గొట్టం. విచ్చుకుని దారి వెడల్పు చేస్తాది. రక్తం పలచబడే మాత్రలు కొన్నాళ్ళు మింగాల. రక్తస్రావం అయ్యే భయం కొంచెం లేకపోలేదు, నీకు అబద్ధం చెప్పను. ఊరికే ఉంటే మాత్రం నీ చూపు పోతాది. పోయిన చూపు నేను తెచ్చియ్యలేను."

"అది పెడితే... ఆ హోరు?"

"ఆ నిమిషమే ఆగిపోతాది!" అన్నారు మీరు. స్వీటు పంచేటప్పుడు పెట్టే ముఖం పెట్టారు.

ఆలోచించుకుంటానని వచ్చేశాను.

ఆశ్వయుజ బహుళ తదియ
తలనొప్పి: ఏడు. చప్పుడు: ఉంది. చూపు:
ఇతర వివరాలు:

ఇవాళ అట్లతద్ది. భూమి మీద వాళ్ళు ఉపవాసం ఉండి చందమామను చూసి అట్లు తింటారు. మేము చందమామ మీదే ఉన్నాం కాబట్టి భూమిని చూసి తినాలని పంతులు గారు తేల్చారు. కానీ మాకు భూమి పొడవదు, అస్తమించదు. ఎప్పుడూ ఒక్క చోటే వేలాడుతుంది. పొద్దున్నే చూసేసి తింటే అది ఉపవాసమెలా అవుతుంది? అందుకని పెద్ద హాలు షట్టరు సాయంత్రం దాకా మూసి ఉంచి, తెరిచినప్పుడు భూమి ఉదయించినట్టు లెక్క వేస్తాం. షట్టరు మీట నొక్కే అబ్బులు గారికి ఆ రోజు వాయనం కూడా ఇస్తాం.

సాయంత్రం షట్టరు లేచింది. "అదుగో! సన్నగా, గోరు కత్తిరించినట్టు! నీలంగా ఎంత బాగుందో!" అని ఆడవాళ్ళంతా చేతులు జోడించారు.

నాకు తడి గాజు వెనక దీపంలా ఏదో మసక కనిపించింది. అది భూమో, గాజులో పడిన మా హాలు బల్బో తెలియలేదు.

"చూశారాండీ?" అన్నారు తాయారమ్మ గారు.

"చూశాను" అన్నాను. అట్టు తిన్నాను.

చూపు గడి ఖాళీగా వదిలాను. ఏం రాయాలో తెలియక.

ఆశ్వయుజ బహుళ ఏకాదశి
తలనొప్పి: ఏడు. చప్పుడు: ఉంది. చూపు: మసక.
ఇతర వివరాలు:

ఆపరేషన్ మాట ఎలా తెలిసిందో, తాయారమ్మ గారు ఇంటికి వచ్చారు. నా పాదాలకు నమస్కారం చేయబోతే వెనక్కి జరిగాను. ఇక్కడ కంగారుగా జరిగితే ఎగిరి పడతాం. అలమర దగ్గర తేలాను.

"గొట్టం పెట్టి దేవుణ్ణి వెళ్ళగొట్టించుకుంటారాండీ నూకరత్నం గారూ? ఎన్ని జన్మల పుణ్యమో!" అన్నారు. "కార్తీక పౌర్ణమికి అవతలి లోయ ఊరి వాళ్ళు బండ్లు కట్టుకుని వస్తున్నారండీ, మీ నాదం వినడానికి. పులిహోర కూడా చెప్పేశాను. ఆ ఒక్క రోజూ అయ్యాక మీ ఇష్టం."

నేను కాదనలేకపోయాను. అబద్ధం ఎందుకు, కాదనాలని నాకూ లేదు. పడుకున్నాక గది అంతా నిశ్శబ్దంగా ఉంటే ఆ అల ఒక్కటే వస్తూ పోతూ ఉంటుంది. దానికి నేను కబుర్లు చెప్పుకుంటాను. ఇవాళ గోంగూరకు పురుగు పట్టిందని కూడా చెప్పాను. అటువంటి తోడును నా నోటితో నేనే పొమ్మనడం ఎలా?

ఆస్పత్రికి ఫోన్ చేసి పౌర్ణమి తర్వాత చూద్దాం అన్నాను. నర్సు "ఆఁ?" అంది. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు నాకే తప్పుగా వినిపించింది.

మా ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. "దేవుడికి ఇంకెక్కడా సోటు దొరకనేదేటి? నీ కళ్ళ మీద కూకోవాలా?" అన్నారు. కాసేపటికి తిరిగొచ్చి, నా ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నారు. "ఈ సెవి కాళీయే కదా. ఇందులో నా మాట ఇనుకో. కళ్ళు పోతే నన్నెవులు సూస్తారే?"

ఆయన ఏడుస్తున్నారేమో అనుకున్నాను. ముఖం సరిగ్గా కనపడలేదు.

కార్తీక శుద్ధ చవితి
తలనొప్పి: ఎనిమిది. చప్పుడు: ఉంది. చూపు: ఇవాళ జరిగింది రాస్తే మీకే తెలుస్తుంది.
ఇతర వివరాలు:

నాగుల చవితి. ఇక్కడ పుట్టలు లేవు, పాములు అంతకన్నా లేవు. మన వాళ్ళు వచ్చిన మొదటి ఏడే పంతులు గారు రెండో సొరంగం చివర కేబుళ్ళు లోపలికి వెళ్ళే బొక్కను పుట్టగా నిర్ణయించారు. దాని అంచున చుక్క పాలు, చిటికెడు చిమ్మిలి పెట్టి వస్తాం. అంతకు మించితే కరెంటు పోతుంది.

ఈసారి మొదటి పూజ నా చేతనే. ముందు నేను, వెనక మండలి మొత్తం. సొరంగంలో దీపాలు తగ్గించారు. గోడ వెంట నడుస్తుంటే ఎర్రగా, నిలువుగా ఏదో కనిపించింది. పక్కనే నల్లగా, మెలిక తిరిగి, పడగ విప్పినట్టు మరొకటి. ఈ ఏడు ఎంత బాగా అలంకరించారో అనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని నమస్కరించి, పాలు పోశాను.

 "ఓలమ్మా! ఈవిడికి ఇక్కడ కనపడ్డాడు!" అంది వెనక నుంచి సన్యాసమ్మ అత్త. ఆ మాటతో అందరూ కూర్చున్నారు. చెంబులు వంగాయి. పసుపు, కుంకుమ, చలిమిడి. ఎవరో కోడిగుడ్డు కూడా పెట్టారు.

నేను లేచి, దగ్గరగా వెళ్ళి, చేత్తో తడిమాను. చల్లటి ఇనుము. అది మంటలార్పే సిలిండరు. పడగ దాని గొట్టం మూతి. గుడ్డు అందులో సరిగ్గా సరిపోయింది.

ఈలోపు సేఫ్టీ ఆఫీసర్ యేసుదాసు గారు వచ్చారు. మంచి మనిషి, ఎవరి పూజకూ అడ్డు చెప్పరు. సిలిండరును చూశారు, మమ్మల్ని చూశారు, తల గోక్కున్నారు.

"అమ్మా, మీ నమ్మకాన్ని నేనేమీ అనను. కానీ ఈ సొరంగానికంతటికీ ఇది ఒక్కటే ఉంది. రేపు నిజంగా నిప్పంటుకుంటే నేను మంట మీదికి గుడ్డు విసరాలి" అన్నారు.

"మీకు తెలియదు బాబూ, అమ్మగారు చూశారు" అన్నారు తాయారమ్మ గారు.

"చూడలేదు" అన్నాను.

"ఆఁ?"

"నేను చూడలేదండీ. నాకు కనపడక మొక్కాను."

ఎవరూ నమ్మలేదు. వినయం అనుకున్నారు. నేను వచ్చేశాక కూడా సిలిండరుకు ప్రదక్షిణలు చేశారట. యేసుదాసు గారు కొత్త సిలిండరు తెచ్చి పక్కన పెడితే, జంట నాగులని దానికీ బొట్టు పెట్టారట.

ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. నాకు చూపు పోతే అది నా కర్మ అనుకోగలను. కానీ నా మసకను పట్టుకుని ఇంతమంది ఇనపముక్కకు మొక్కుతుంటే, ఆ పాపం ఎవరిది? నన్ను మాట్లాడమని పంపినవాడైతే, నా నోరు వినపడనీయకుండా నా చెవిని ఎందుకు వినిపిస్తాడు? అడిగాను. హుష్, హుష్ అన్నాడు. ఎప్పుడూ అదే జవాబు. మంచికీ అదే, చెడ్డకీ అదే, పాలు పొంగినా అదే.

మా ఆయన్ను లేపి, "పౌర్ణమి దాకా వద్దు. ఇప్పుడే వెళదాం" అన్నాను. చెప్పులు తొడుక్కోవడానికి కూడా ఆగనివ్వలేదు ఆయన.

కార్తీక శుద్ధ ద్వాదశి
తలనొప్పి: మూడు. చప్పుడు: లేదు. చూపు: మీరే పరీక్షించి వేసుకోండి.
ఇతర వివరాలు:

ముందు కొన్నాళ్ళు రక్తం పలచబరిచే మాత్రలు ఇచ్చారు. నిన్న బల్ల మీద పడుకోబెట్టారు. మొదట కొలతకు నన్ను మెలకువగానే ఉంచారు. తొడ దగ్గర చీమ కుట్టినట్టయింది, అంతే. నా తలలో ఎవరో నడుస్తున్నారు గానీ నాకు తెలియడం లేదు. ఇరుకుకు అటు ఒత్తిడి ఎంత, ఇటు ఎంత అని డాక్టరమ్మ గట్టిగా చదువుతున్నారు. అటు చాలా ఎక్కువ, ఇటు చాలా తక్కువ.

"ఇదేనమ్మా నీ కథ. ఇంక నిద్ర పో. లేచేసరికి దారి వెడల్పయిపోతాది."

"ఒక్క నిమిషం" అన్నాను. ఈసారి ఒక్కసారికే విన్నారు. కళ్ళు మూసుకుని ఆ అలను విన్నాను.  భోజనానికి వచ్చినవాళ్ళను సాగనంపేటప్పుడు చెప్పినట్టు, "జాగ్రత్తగా వెళ్ళిరండి" అన్నాను.

లేచాక లేదు. తల అటూ ఇటూ తిప్పాను. చెవి మీద చేయి పెట్టి చూశాను. ఏమీ లేదు.

"ఏమ్మా, నొప్పా? ఎందుకు ఏడుస్తాండావు?" అన్నారు డాక్టరమ్మ.

"సామాను ఖాళీ చేసిన ఇల్లులా ఉందమ్మా."

ఆవిడ నవ్వలేదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నారు, ఏమీ మాట్లాడకుండా. పెద్ద గొంతు మనిషి అలా కూర్చోవడం చాలా కష్టం అయి ఉంటుంది.

కార్తీక పౌర్ణమి
తలనొప్పి: రెండు, స్టెంటు ఉన్న వైపు. చప్పుడు: లేదు. చూపు: అంచులు తేటపడ్డాయి.
ఇతర వివరాలు:

ఇవాళే తాయారమ్మ గారి సభ. అవతలి లోయ వాళ్ళు బండ్ల నిండా వచ్చారు. నేను వెనక వరుసకు వెళ్ళబోతే పట్టుకుని ముందుకు లాగారు. ఒక్కొక్కరే నా చెవికి చెవి ఆనించారు. ఒకాయన ఇటు వినపడక ఎడమ చెవి కూడా ప్రయత్నించాడు.

"ఏదండీ?" అన్నాడు.

"ఆపరేషన్ అయిందండీ" అన్నాను.

"ఇంత దూరం వచ్చాం కదండీ!" అన్నాడు, నేనేదో కొట్టు మూసేసినట్టు.

తాయారమ్మ గారు ఒక్క నిమిషం నేల చూశారు. తర్వాత పీట మీద తాను కూర్చుని, మైకు బిళ్ళ తన ఎడమ చెవి వెనక తానే అంటించుకున్నారు. "నాకూ ఉందండీ" అన్నారు.

స్పీకర్లో సన్నగా, చాలా సన్నగా వినిపించింది. హుష్. హుష్.

హాలంతా జయజయలు. నాకు కోపం వచ్చిందని రాయాలి, ఎందుకంటే వచ్చింది. నా తోడు నన్ను వదిలి ఆ పీట మీదికి మారిందా అనిపించింది. లెంపలు వేసుకునేలోపు తాయారమ్మ గారు హారతి పళ్ళెం కోసం వంగారు. చేయి పళ్ళేనికి జానెడు దూరంలో నేల మీద ఆగింది. అక్కడే తడుముతోంది. ఇటు, అటు. ముఖంలో నవ్వు అలాగే ఉంది. ఎవరూ గమనించలేదు. అలా తడమడం ఎలా ఉంటుందో ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు.

లేచి వెళ్ళి పళ్ళెం ఆవిడ చేతిలో పెట్టాను.

పులిహోర పంచేటప్పుడు పక్కకు తీసుకెళ్ళి, "ఎప్పటినుంచండీ?" అన్నాను.

 "మీకన్నా ముందే. శ్రావణం నుంచి" అన్నారు. "చెవి ఆనించినా ఎవరికీ వినపడనంత సన్ననిదండీ. మీది అంత గట్టిగా వినపడుతుంటే నాదేం చెప్పుకోను? ఇన్నేళ్ళు మండలి నడిపినదాన్ని. నా దేవుడు చిన్న గొంతువాడని చెప్పుకోవాలా?"

ఆవిడ మీద కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"వంగినప్పుడు చీకటి వస్తోంది కదా?"

"వస్తే రానివ్వండి."

"రానివ్వనండీ" అన్నాను. "రేపు పొద్దున్న తలుపు దగ్గర ఉంటాను. మీరు తీసేదాకా ఉంటాను."

కార్తీక బహుళ నవమి
తలనొప్పి: ఒకటి. చప్పుడు: లేదు. చూపు: డాక్టరమ్మ చార్టులో చివరి వరుస ముందుది కూడా చదివాను.
ఇతర వివరాలు:

ఇది ఆస్పత్రి వసారాలో కూర్చుని రాస్తున్నాను. తాయారమ్మ గారికి స్కానులో అదే తేలింది, ఎడమ వైపు. ఇవాళ స్టెంటు పెడుతున్నారు. మండలి మొత్తం వచ్చింది. నర్సు "ఇది ఆస్పత్రమ్మా" అని అప్పటికే చాలాసార్లు చెప్పింది.

ఆవిడ నా పక్కన, నీలం గౌనులో, తాళాలు లేకుండా కూర్చున్నారు. తాళాలు లేకపోతే చిన్నగా ఉన్నారు.

"నొప్పి ఉంటుందాండీ?"

"ఉండదండీ."

"ఆగిపోయాక... ఎలా ఉంటుంది?"

నిజం చెప్పాను. "మొదట ఏడుపు వస్తుంది. నాకు దీపం దగ్గర కూర్చోవాలంటేనే భయం వేసింది. అయినా కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. మర్నాడూ కూర్చున్నాను, ఏమీ వినపడలేదు. మూడో రోజు స్వామి విగ్రహం ముఖం చూశానండీ. ముక్కుకు చిన్న పెచ్చు ఊడింది. ఎప్పుడు ఊడిందో! ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నానే గానీ, కళ్ళు తెరిచి చూడనే లేదు. కాస్త లక్క అతికించాను."

ఆవిడ తల ఊపారు. ఒప్పుకున్నారో లేదో తెలియదు.

నర్సు బండి తెచ్చింది. పడుకోబెట్టాక తాయారమ్మ గారు డాక్టరమ్మ చేయి పట్టుకున్నారు. "అమ్మా, ఒక్క ఉపకారం. నాది ఎప్పుడూ ఎవరూ చెవికి ఆనించి వినలేదు. వినపడదు కదా. లోపలికి వెళ్ళే ముందు మా వాళ్ళకు ఒకసారి..."

డాక్టరమ్మ గడియారం చూశారు, వసారా నిండా నిలబడ్డ మమ్మల్ని చూశారు. మెడలోని స్టెతస్కోపు తీశారు. "ఒక్కొక్కరే. తోసుకోవద్దండి. జల్దీ" అన్నారు.

బండి పక్కన వరుస కట్టాం. సన్యాసమ్మ అత్త ముందు విని, బుగ్గన వేలేసుకుని, "సక్కగా ఉందే నీది!" అంది. తాయారమ్మ గారు సిగ్గుపడ్డారు. ఆవిడ సిగ్గుపడగా నేనెప్పుడూ చూడలేదు.

నా వంతు వచ్చింది. గొట్టాలు చెవుల్లో పెట్టుకున్నాను. దూరంగా, మెత్తగా, వస్తూ పోతూ. చాలాసేపు విన్నాను. వెనక వాళ్ళు భుజం తట్టారు. నర్సు దగ్గింది. అయినా కదలలేకపోయాను.

తర్వాత స్టెతస్కోపు తీసి డాక్టరమ్మ చేతికిచ్చాను.

"లోపలికి తీసుకెళ్ళండమ్మా, ఆలస్యం చేయకండి" అన్నాను.